ఇంట్లోకి సాదా డ్రిప్ కాఫీ మెషీన్: ఒకే స్విచ్చు ఉన్నది, 3,000 లోపు

కృష్ణలంక_వాసి

మా ఇంట్లో కాఫీ తాగేవాళ్లం నలుగురం. అమ్మకు 74 ఏళ్లు. తెల్లవారుజామున అయిదింటికి లేచి తన కాఫీ తానే కలుపుకోవడం ఆమెకు ఏళ్ల తరబడి అలవాటు. కిందటి సంక్రాంతి నుంచి వేళ్ల కణుపులు వాచి, ఇత్తడి ఫిల్టరు పై గిన్నెను కింది గిన్నె నుంచి విడదీయలేకపోతోంది. వేడికి ఆ రెండూ ఎలా బిగుసుకుపోతాయో వాడేవాళ్లందరికీ తెలిసిందే. పది రోజుల కిందట అలా లాగబోయి డికాషన్ అంతా స్టవ్ గట్టు మీద ఒలికిపోయింది. చెయ్యి కాలకపోవడం మా అదృష్టం. నన్ను లేపితే నేనే కలిపి ఇస్తాను గదా అంటే, "నీ నిద్ర చెడగొట్టి తాగితే ఆ కాఫీ నాకు సయించదు" అంటుంది.

అందుకని డ్రిప్ కాఫీ మెషీన్ ఒకటి కొనాలనుకుంటున్నాను. నీళ్లు పోసి, పొడి వేసి, స్విచ్చు నొక్కితే పని అయిపోవాలి. గడియారం, తెర, వరసగా బొత్తాలు ఉన్నవి వద్దు. 3,000 రూపాయలకు మించి పెట్టలేను. మేము వాడేది 80:20 చికోరీ పొడి, అంటే 80 వంతుల కాఫీకి 20 వంతుల చికోరీ. అమ్మ, నేను, నా భార్య పాలతో తాగుతాం, మా అబ్బాయి మాత్రం పాలు, చక్కెర లేకుండా తాగుతాడు. వారం రోజులుగా వెతుకుతుంటే ఒకచోట ఆరు కప్పులు అంటారు, ఇంకోచోట పన్నెండు కప్పులు అంటారు, ధరలేమో 1,500 నుంచి 15,000 దాకా ఉన్నాయి. ఏం చూసి కొనాలో తెలిసినవాళ్లు చెప్పగలరు.

తణుకు_తమ్ముడు

నా మాట వినండి, మెషీన్ జోలికి వెళ్లకండి. డ్రిప్ మెషీన్‌లో వచ్చేది పలచటి నల్ల కాఫీ. అందులో పాలు పోస్తే రంగు తప్ప రుచి మిగలదు. ఇత్తడి బదులు పెద్ద స్టీలు ఫిల్టరు కొని, రాత్రి పడుకునే ముందు మీరే డికాషన్ దించి పెడితే సరిపోతుంది.

కృష్ణలంక_వాసి

తమ్ముడు గారూ, అదీ చేసి చూశాం. రాత్రి దించిన డికాషన్ పొద్దుటికి వాసన పోతుందని అమ్మ రెండో రోజే వద్దంది. స్టీలు ఫిల్టరు కూడా వేడెక్కితే అలాగే పట్టేస్తుంది. రుచి విషయంలో మీ భయమే నాకూ ఉంది, అందుకే కొనేముందు ఇక్కడ అడుగుతున్నాను.

మిక్సీ_డాక్టర్

ఇరవై ఏళ్లుగా వంటింటి సామాన్లు రిపేరు చేస్తున్నాను కాబట్టి, ముందు ఆ పెట్టె లోపల ఏముందో చెబుతాను. అది తెలిస్తే దేనికి డబ్బు పెట్టాలో, దేనికి అక్కర్లేదో మీకే అర్థమవుతుంది.

నీళ్లు పోసే ట్యాంకు అడుగున ఒక రంధ్రం, దాని కింద నీళ్లను వెనక్కి పోనివ్వని చిన్న వాల్వు ఉంటాయి. అక్కడి నుంచి నీళ్లు గుర్రపు నాడా ఆకారంలో వంచిన అల్యూమినియం గొట్టంలోకి వెళతాయి. ఆ గొట్టానికి అంటుకునే హీటరు ఉంటుంది. నీళ్లు మరిగి బుడగలు లేచినప్పుడు, వాల్వు అడ్డుండడం వల్ల వెనక్కి పోలేక, ఆ బుడగలే వేడినీళ్లను సన్నటి గొట్టం గుండా పైకి తోస్తాయి. పైనుంచి అవి పొడి మీద చినుకుల్లా పడతాయి. ఇందులో మోటారు లేదు, పంపు లేదు. చివర్లో వచ్చే గుడగుడ చప్పుడు ట్యాంకులో నీళ్లు అయిపోయాయని చెప్పే గుర్తు. అదే హీటరు మీద ఉన్న పళ్లెమే గాజు జాడీని వేడిగా ఉంచుతుంది. వేడి మితిమీరకుండా ఒక థర్మోస్టాట్, అదీ పనిచేయకపోతే కరెంటు తెగ్గొట్టడానికి ఒక ఫ్యూజు ఉంటాయి.

2,000 పెట్టి కొన్నా, 8,000 పెట్టి కొన్నా, ఈ రకం మెషీన్లలో చాలావాటికి గుండెకాయ ఇదే. గడియారం, తెర ఉన్నవాటిలో ఒక సర్క్యూటు బోర్డు అదనంగా ఉంటుంది. నా బల్ల మీదికి వచ్చేవాటిలో ఎక్కువగా పాడయ్యేది ఆ బోర్డే, ఆవిరి తగిలి చెడిపోతుంది. మీరు అడిగిన ఒక్క స్విచ్చు మెషీనే ఎక్కువ కాలం మన్నుతుంది.

కొండాపూర్_కాఫీ

డాక్టర్ గారు లోపలి సంగతి బాగా చెప్పారు. కప్పుల లెక్క నేను చెబుతాను, చాలామంది మోసపోయేది అక్కడే. మెషీన్ మీద రాసే కప్పు మన ఇంటి కప్పు కాదు. యూరప్ కంపెనీల లెక్కలో అది సుమారు 125 మిల్లీలీటర్లు, అమెరికా కంపెనీల లెక్కలో 150కి కొంచెం అటూఇటూ. అందుకే "ఆరు కప్పుల" మెషీన్‌లో పట్టేది ముప్పావు లీటరు, కొన్నిటిలో ఇంకా తక్కువ. కప్పుల సంఖ్యను పక్కన పెట్టి లీటర్లు ఎన్నో చూడండి. నలుగురి ఇంటికి 0.6 లీటర్లది సరిపోతుంది.

ఇంకొక మాట. పెద్ద మెషీన్ కొని అందులో రోజూ ఒక గ్లాసు నీళ్లే పోస్తే, నీళ్లు సరిగా వేడెక్కేలోపే అయిపోతాయి. కాఫీ బాగా దిగాలంటే పొడిని తాకే నీటి వేడి 92 నుంచి 96 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉండాలంటారు. చవక మెషీన్లలో మొదటి చినుకులు అంత వేడిగా ఉండవు, పోనుపోను వేడి పెరుగుతుంది. కాబట్టి మీకు రోజూ ఎంత కావాలో అంతకు సరిపడే చిన్న మెషీనే కొనండి.

పెదవాల్తేరు_పిల్ల

మా ఇంట్లో ఇలాంటి చిన్న మెషీన్ నాలుగేళ్లుగా ఉంది. మేము అరకు అరబికా గింజలు తెచ్చుకుని, పాలు లేకుండా తాగుతాం. చికోరీ కలపని పొడి దానికి చాలా బాగా నప్పుతుంది. అరకు కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చిన సంగతి మీకు తెలిసే ఉంటుంది. సిల్వర్ ఓక్ చెట్ల నీడలో, మిరియాల తీగల పక్కన గిరిజన రైతులు పెంచే తోటలవి. ఆ గింజలోని సన్నటి పులుపు, తీపి తెలియాలంటే పాలు లేకుండా డ్రిప్‌లోనే తాగాలి. మీ అబ్బాయికి మాత్రం ఈ మెషీన్ పండగే.

తణుకు_తమ్ముడు

పిల్ల గారు చెప్పింది నల్ల కాఫీ సంగతి. అసలు ప్రశ్న అమ్మగారి పాల కాఫీ గురించి. దానికి ఇంతవరకు ఎవరూ జవాబు చెప్పలేదు.

గుంటూరు_ఇల్లాలు

తమ్ముడు గారి సందేహం న్యాయమైనదే. నా అనుభవం చెబుతాను. మూడేళ్ల కిందట మేమూ ఒక మెషీన్ కొని, మేము ఎప్పుడూ వాడే 60:40 మెత్తటి పొడినే అయిదు చెంచాలు నిండుగా వేశాను. జాడీ తీసినప్పుడు చుక్క కారకుండా ఆపడానికి పొడి వేసే బుట్ట అడుగున స్ప్రింగుతో ఒక మూత ఉంటుంది కదా, ఆ దారిలో పొడి ముద్దలా పేరుకుపోయింది. పైనుంచి నీళ్లు వస్తూనే ఉన్నాయి, కిందికి దిగే దారి లేదు. రెండు నిమిషాల్లో బుట్ట అంచు దాటి నల్లటి బురద పొంగి, వేడి పళ్లెం మీద చుయ్యిమని మరుగుతూ, గట్టు మీదుగా బియ్యం డబ్బా దాకా పారింది. మా అత్తగారు ఆ రోజు నుంచి ఆ మెషీన్‌ను వంటింట్లోకి రానివ్వలేదు. తప్పు మెషీన్‌ది కాదని నాకు ఆలస్యంగా తెలిసింది. చికోరీ ఎక్కువ ఉన్న మెత్తటి పొడి దానికి పనికిరాదు.

పొడి_దుకాణం_రాజమండ్రి

మా నాన్నగారి కాలం నుంచి మాది కాఫీ పొడి కొట్టు కాబట్టి దీని గురించి కొంచెం వివరంగా రాస్తాను.

చికోరీ ఒక వేరు. దాన్ని వేయించి పొడి చేస్తారు. అది కాఫీ కంటే చాలా ఎక్కువగా నీళ్లలో కరిగిపోతుంది, అందుకే డికాషన్‌కు చిక్కదనం, ముదురు రంగు వస్తాయి. ఇత్తడి ఫిల్టరులో ఆ గుణం మనకు మేలు చేస్తుంది, ఎందుకంటే అక్కడ నీళ్లు ఇరవై నిమిషాలో అరగంటో ఆగి, చుక్క చుక్కగా దిగుతాయి. మెషీన్‌లో అంత వ్యవధి ఉండదు, అయిదారు నిమిషాల్లో నీళ్లన్నీ దిగిపోవాలి. చికోరీ బంకలా పట్టుకుని, దానికి మెత్తటి పొడి తోడైతే గుంటూరు గారింట్లో జరిగినట్టే జరుగుతుంది. చట్టం ప్రకారం కాఫీ, చికోరీ మిశ్రమంలో కాఫీ కనీసం 51 శాతం ఉండాలి, ఎంత ఉందో ప్యాకెట్ మీద రాసి ఉండాలి. కొనేటప్పుడు ఆ అంకె చదవండి.

కృష్ణలంక గారికి నా సలహా ఇది. విజయవాడలో కళ్లముందే గింజలు ఆడించి ఇచ్చే కొట్లు ఉన్నాయి. అక్కడికి వెళ్లి 90:10 అడగండి. ఫిల్టరుకు ఆడించినంత మెత్తగా వద్దు, సన్న బొంబాయి రవ్వలా వేళ్లకు పలుకు తగిలేలా ఆడించమనండి. పాలతో తాగేవాళ్లకు ఒట్టి 'ప్లాంటేషన్-ఎ' (గుజ్జు కడిగి ఆరబెట్టిన అరబికా) రకం గింజ ఒక్కటే చాలదు. మూడు వంతుల ప్లాంటేషన్‌కు ఒక వంతు రోబస్టా చెర్రీ (పండుతోనే ఎండబెట్టిన రోబస్టా జాతి గింజ) కలిపిస్తే, చికోరీ తగ్గించిన లోటు చాలావరకు తీరుతుంది. మీ అబ్బాయికి వేరే పొడి కావాలంటే చికోరీ లేని ప్లాంటేషన్ లేదా పీబెర్రీ (పండులో ఒంటిగా పెరిగే గుండ్రటి గింజ) 100 గ్రాములు విడిగా తీసుకోండి.

డాలస్_తెలుగు

ఇక్కడ మా ఇంట్లో పదేళ్లుగా డ్రిప్ మెషీనే నడుస్తోంది. మొదట్లో మా ఆవిడకు నచ్చలేదు. తర్వాత న్యూ ఆర్లియన్స్ నుంచి వచ్చే చికోరీ కలిపిన కెఫే డు మాండ్ డబ్బా గురించి తోటి తెలుగువాళ్లు చెప్పారు. అమెరికాలో ఉన్న దక్షిణాది కుటుంబాల్లో ఆ పసుపు డబ్బా చాలామంది ఇళ్లలో కనిపిస్తుంది. అది కూడా చికోరీ పొడే అయినా కొంచెం గరుకుగా ఉంటుంది, మా మెషీన్‌లో ఎప్పుడూ పొంగలేదు. కాబట్టి రాజమండ్రి గారు చెప్పిన గరుకుతనమే అసలు కిటుకు అని నేనూ అంటాను.

ఒక్క హెచ్చరిక. ఇక్కడ మెషీన్లు చవకని ఎవరైనా తెచ్చిస్తామంటే ఒప్పుకోకండి. మూడేళ్ల కిందట నేనే హనుమకొండలోని మా నాన్నగారికి ఒకటి తీసుకెళ్లాను. ప్లగ్గుకు అడాప్టరు తగిలిస్తే సరిపోతుందనుకుని ఆన్ చేశాను. క్షణంలో కాలిన వాసన వచ్చి ఆగిపోయింది. నాన్నగారు ఏమీ అనలేదు, ఆ గాజు జాడీలో ఇప్పుడు మంచినీళ్లు పోసుకుంటున్నారు. అది చూసినప్పుడల్లా నాకు బాధగానే ఉంటుంది.

మిక్సీ_డాక్టర్

అమెరికా మెషీన్ 120 వోల్టులది, మన కరెంటు 230. వోల్టేజీ దాదాపు రెట్టింపయితే హీటరు లాగే కరెంటూ దాదాపు రెట్టింపవుతుంది, అంటే పుట్టే వేడి దాదాపు నాలుగింతలు. ఫ్యూజు పోవడమే మేలయింది. అడాప్టరు పిన్నుల ఆకారాన్ని మారుస్తుందే కానీ వోల్టేజీని తగ్గించదు. తగ్గించే ట్రాన్స్‌ఫార్మరు కొనాలంటే, 900 వాట్ల హీటరుకు సరిపోయేది బరువూ ఎక్కువే, ఖరీదూ ఎక్కువే. ఆ డబ్బుతో ఇక్కడ కొత్త మెషీనే వస్తుంది.

నల్లకుంట_నివాసి

మెషీన్ ఎందుకు? పింగాణీ గరాటులో కాగితం పెట్టి, చేత్తో వేడినీళ్లు పోసుకునే పద్ధతి ఉంది కదా. 500 రూపాయలకే వస్తుంది, పాడయ్యేది ఏమీ లేదు, రుచిలో మెషీన్ కంటే మెరుగే. నేను రోజూ అలాగే చేసుకుంటాను.

కృష్ణలంక_వాసి

నల్లకుంట గారూ, మీరు చెప్పింది నా ఒక్కడికైతే బాగానే ఉంటుంది. మరుగుతున్న నీళ్ల గిన్నెను మూడు నిమిషాలు చేత్తో పట్టుకుని సన్నగా పోయాలంటే అమ్మ వేళ్లు ఒప్పుకోవు. నేను తప్పించాలనుకుంటున్నది సరిగ్గా ఆ పనినే.

నల్లకుంట_నివాసి

నిజమే, మొదటి పోస్టు సరిగా చదవకుండా రాశాను. అయితే కాగితం విషయంలో నా మాట నిలబెట్టుకుంటాను. మెషీన్‌తో వచ్చే నైలాను జల్లెడలోకి కూడా కాగితం ఫిల్టరు పెట్టుకోవచ్చు. కాగితంతో వడపోయని కాఫీలో కెఫెస్టాల్ అనే నూనె పదార్థం ఉంటుంది, అది చెడు కొలెస్ట్రాల్‌ను పెంచుతుంది. కాగితం దాన్ని చాలావరకు పట్టేస్తుంది. పెద్దవాళ్లున్న ఇంట్లో ఇది ఆలోచించాల్సిన సంగతే. ఈ కాగితం పద్ధతిని 1908లో జర్మనీలోని డ్రెస్డెన్‌లో మెలిట్టా బెంట్జ్ అనే గృహిణి మొదలుపెట్టింది. చిల్లులు పొడిచిన ఇత్తడి గిన్నెలో కొడుకు నోటుపుస్తకంలోని బ్లాటింగ్ కాగితం వేసి వడపోసింది. అంటే ఆ కథా మన ఇత్తడి దగ్గరే మొదలైంది.

గుంటూరు_ఇల్లాలు

కాగితం మంచిదే కానీ చికోరీ పొడికి కాగితం వేస్తే ఇంకా నెమ్మదిగా దిగుతుంది. పొంగే ప్రమాదం అక్కడే ఎక్కువ. పాల కాఫీకి జల్లెడ, అబ్బాయి నల్ల కాఫీకి కాగితం పెట్టుకుంటే ఇద్దరికీ బాగుంటుంది.

పెదవాల్తేరు_పిల్ల

కాగితాలు కొనేటప్పుడు సైజు చూసుకోండి. చిన్న మెషీన్లకు 1×2, పెద్దవాటికి 1×4 అని డబ్బా మీద ఉంటుంది. నేను మొదటిసారి పెద్దవి తెచ్చి, నెల రోజులు కత్తెరతో అంచులు కత్తిరించుకుంటూ వాడాను. పెట్టేముందు కాగితాన్ని వేడినీళ్లతో ఒకసారి తడిపితే కాగితపు వాసన పోతుంది.

కొండాపూర్_కాఫీ

తమ్ముడు గారి ప్రశ్నకు ఇప్పుడు జవాబు చెబుతాను. పాల కాఫీ పలచగా రావడానికి కారణం మెషీన్ కాదు, కొలత. నల్ల కాఫీకి లీటరు నీళ్లకు 55 నుంచి 60 గ్రాముల పొడి వేస్తారు. మెషీన్‌తో వచ్చే పుస్తకంలో ఉండే కొలత కూడా దాదాపు అదే. ఆ కాఫీలో పాలు పోస్తే నీళ్లలాగే ఉంటుంది.

పాలతో తాగాలంటే నీళ్లు సగం చేసి, పొడి పెంచాలి. 300 మిల్లీలీటర్ల నీళ్లకు 40 గ్రాముల పొడి వేయండి. పొడి తన బరువుకు సుమారు రెండింతల నీటిని పీల్చుకుంటుంది కాబట్టి కిందికి 220 మిల్లీలీటర్ల దాకా వస్తుంది. ముగ్గురికీ తలా 70 మిల్లీలీటర్లు, దానికి అంతే చిక్కటి పాలు. మా ఇంట్లో అమ్మానాన్నలకు అయిదేళ్లుగా ఇదే కొలత.

ఇంకొకటి కూడా చేసి చూడండి. స్విచ్చు వేశాక పొడి మొత్తం తడిసేదాకా చూసి, ఒక అర నిమిషం ఆపండి. పొడి ఉబ్బి, లోపలి గాలి పోయాక మళ్లీ వేయండి. ఆ తర్వాత దిగే కాఫీ చిక్కదనంలో తేడా మీకే తెలుస్తుంది. బుట్టలో పొడి సగానికి మించి ఉండకూడదు, ఉబ్బడానికి చోటు కావాలి.

తణుకు_తమ్ముడు

300కి 40 అంటే పొడి ఖర్చు తక్కువేమీ కాదు. ఇత్తడి ఫిల్టరులో అంత పొడికి అయిదుగురికి వస్తుంది. ఒకసారి దిగిన కాఫీనే మళ్లీ ట్యాంకులో పోసి రెండోసారి దించితే చిక్కబడదా?

మిక్సీ_డాక్టర్

ఆ పని ఎప్పుడూ చేయకండి. కాఫీలోని నూనె, చికోరీలోని చక్కెర ఆ సన్నటి గొట్టంలో మాడి, అట్ట కట్టి, వాల్వు అతుక్కుపోతుంది. పాలు పోసినా అంతే. కిందటి నెలలో ఒకాయన ట్యాంకులో పాలు, చక్కెర కలిపి పోసిన మెషీన్ తెచ్చారు. గొట్టం విప్పితే లోపల కోవా తయారై ఉంది. ట్యాంకులోకి మంచినీళ్లు తప్ప ఇంకేమీ పోకూడదు.

కృష్ణలంక_వాసి

ఇంకో రెండు సందేహాలు. గాజు జాడీ ఉన్నది మేలా, ఫ్లాస్కులాంటి స్టీలు జాడీ ఉన్నది మేలా? కరెంటు ఖర్చు ఎంత అవుతుంది?

డాలస్_తెలుగు

స్టీలుదే తీసుకోండి. మేము రెండు గాజు జాడీలు పగలగొట్టుకున్నాం, రెండూ సింకు అంచుకు తగిలే పగిలాయి. వేళ్లలో పట్టు లేని పెద్దవాళ్లకు గాజు ప్రమాదం.

కొండాపూర్_కాఫీ

నేను ఒప్పుకోను. మన దగ్గర 3,000 లోపు స్టీలు జాడీ మెషీన్లు దొరకడం కష్టం. పైగా స్టీలు జాడీ బరువెక్కువ, మూత తిప్పి తీయాలి. కృష్ణలంక గారి అమ్మగారికి అసలు ఇబ్బంది తిప్పడమే కదా. చిన్న గాజు జాడీ 220 మిల్లీలీటర్ల కాఫీతో తేలిగ్గానే లేస్తుంది. పిడి వెడల్పుగా, నాలుగు వేళ్లూ పట్టేలా ఉందో లేదో మాత్రం దుకాణంలో పట్టుకుని చూడండి. ఆన్‌లైన్ ఫొటోలో అది తెలియదు.

మిక్సీ_డాక్టర్

జాడీ విషయంలో కొండాపూర్ గారితోనే నేనూ ఏకీభవిస్తాను. కొనేముందు ఆ కంపెనీ విడి జాడీ అమ్ముతుందో లేదో అడగండి. జాడీ దొరక్క మంచి మెషీన్లు మూలన పడడం చాలా చూశాను.

కరెంటు లెక్క తేలికే. 700 వాట్ల మెషీన్ ఆరు నిమిషాలు నడిస్తే 0.07 యూనిట్. మామూలు 6 ఆంపియర్ల ప్లగ్గు చాలు. కాఫీ దిగాక వేడి పళ్లెం ఆపకుండా వదిలేస్తేనే ఖర్చు, కాఫీ కూడా చేదెక్కిపోతుంది. ఆటోమేటిక్‌గా ఆగే సదుపాయం ఉన్నది దొరికితే ఒక 200 ఎక్కువైనా అదే కొనండి. పెద్దవాళ్లు ఆపడం మరిచిపోయినా భయం ఉండదు.

గుంటూరు_ఇల్లాలు

నీళ్ల మాట ఎవరూ చెప్పలేదు. మాది బోరు నీరు, ఆరు నెలలకే గొట్టంలో సున్నం పట్టి, అయిదు నిమిషాల పని పదిహేను నిమిషాలు పట్టింది.

మిక్సీ_డాక్టర్

మంచి సంగతి గుర్తు చేశారు. తాగే ఆర్‌ఓ నీళ్లే వాడితే ఆ బాధ చాలా తగ్గుతుంది. అయినా రెండు నెలలకోసారి అర లీటరు నీళ్లలో ఒక పెద్ద చెంచా నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) కరిగించి ట్యాంకులో పోసి, సగం దిగాక ఆపి, అరగంట తర్వాత మిగతాది దించండి. తర్వాత రెండుసార్లు ఉత్త నీళ్లు దించితే సరి. ఇందాక మంచినీళ్లు తప్ప ఏమీ పోయకూడదన్నాను, ఈ ఒక్కటే దానికి మినహాయింపు.

కృష్ణలంక_వాసి

మూడు వారాల తర్వాత రాస్తున్నాను. ఫిలిప్స్, మోర్ఫీ రిచర్డ్స్, ప్రెస్టీజ్, ప్రీతి మెషీన్లు దుకాణాల్లో చూశాను. నాలుగు చోట్లకూ అమ్మను వెంట తీసుకెళ్లి, జాడీ పట్టుకోమని, బుట్ట తెరవమని, స్విచ్చు నొక్కమని చెప్పాను. ఆమె చేతికి హాయిగా ఉన్నదే కొన్నాను. అందరి చేతులూ ఒకలా ఉండవు కాబట్టి అది ఏ కంపెనీదో చెప్పడంలో ప్రయోజనం లేదు. 0.6 లీటర్లది, ఒకటే స్విచ్చు, గాజు జాడీ. 2,700 అయింది.

మొదటి నాలుగు రోజులు అమ్మకు రుచించలేదు. పాత పొడే వాడడం నా తప్పు. జల్లెడలో నీళ్లు నిలిచి, కాఫీ దిగడానికి చాలాసేపు పట్టింది. అయిదో రోజు కొట్టుకు వెళ్లి రాజమండ్రి గారు చెప్పినట్టే 90:10, రవ్వలా ఆడించి తెచ్చాను. కొండాపూర్ గారి కొలతతో దించి, అర నిమిషం ఆపి, చిక్కటి పాలు కలిపి ఇచ్చాను. అమ్మ ఒక గుక్క తాగి, గ్లాసు కింద పెట్టి, "చికోరీ తగ్గించావు కదూ" అంది. ఇంకేమీ అనకుండా మొత్తం తాగింది. మర్నాటి నుంచి తనే పెట్టుకుంటోంది.

ట్యాంకు మీది గీతలు సన్నగా ఉండి ఆమె కంటికి ఆనవు. అందుకని 300 మిల్లీలీటర్ల గీత దగ్గర ఎర్ర స్టిక్కరు బొట్టు ఒకటి అంటించుకుంది. బొట్టు దాకా నీళ్లు, డబ్బాలో వేసిన చిన్న గిన్నెతో తల కొట్టి నాలుగు గిన్నెలు పొడి. ఆ నాలుగు గిన్నెలు 40 గ్రాములని నేను తూచి చూశాను. అయిదున్నరకు నేను లేచేసరికి మా ఇద్దరి వంతు డికాషన్ చిన్న ఫ్లాస్కులో పోసి ఉంటుంది.

తణుకు_తమ్ముడు

అమ్మగారు తాగుతున్నారంటే నాకూ సంతోషమే. నా వరకు ఇత్తడి ఫిల్టరును మాత్రం వదలను. అయితే మా నాన్నగారికీ చేతులు వణకడం మొదలైంది, అందుకని అడుగుతున్నాను. అబ్బాయి నల్ల కాఫీ కోసం మధ్యలో బుట్ట కడగాల్సి వస్తోందా?

కృష్ణలంక_వాసి

అవును, కడగాలి. జల్లెడను బోర్లించి కొడితే పిప్పి ముద్దగా ఊడిపోతుంది, దాన్ని కరివేపాకు మొక్కకు వేస్తున్నాం. కొళాయి కింద పట్టి, కాగితం పెట్టి, వాడి పొడి వేస్తే మళ్లీ సిద్ధం. వాడు ఏడింటికి లేస్తాడు కాబట్టి అప్పటికి మెషీన్ చల్లబడి ఉంటుంది. వేడిగా ఉన్నప్పుడే నీళ్లు పోస్తే ఆవిరి పైకి చిమ్ముతుంది, అందుకని పది నిమిషాలైనా ఆగమని మీ నాన్నగారికి చెప్పండి.

గుంటూరు_ఇల్లాలు

బొట్టు సంగతి నాకు చాలా నచ్చింది. వేడికి ఊడిపోవడం లేదా?

కృష్ణలంక_వాసి

ట్యాంకు పైభాగం గోరువెచ్చగా తప్ప వేడెక్కదు, ఇంతవరకు ఒక్కసారే మార్చాల్సి వచ్చింది. చుట్టాలు వచ్చినప్పటి కోసం 600 గీత దగ్గర ఇంకొకటి, ఆకుపచ్చది అంటించింది.